ఒక్క రోజులో సియోల్: ప్యాలెస్ నుంచి ప్రాకారం దాకా ఎలా చూడాలి

సియోల్‌లో ఉంటున్నందుకు ఏడాదికి నాలుగైదు సార్లు నాకు ఇలాంటి ఫోన్ వస్తుంది. "ఆఫీసు పని మీద వస్తున్నాం, ఒక్క రోజు ఖాళీ దొరికింది, ఏం చూడమంటావు?" లేదంటే ఇక్కడ చదువుకుంటున్న పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు అడుగుతారు. మొదట్లో వచ్చినవాళ్లను ఉదయం ప్యాలెస్, మధ్యాహ్నం గంగ్నమ్, సాయంత్రం నమ్‌సాన్ టవర్, రాత్రి లొట్టే టవర్ అని తిప్పేదాన్ని. రోజులో సగం మెట్రోలోనే పోయేది. మర్నాడు ఏం చూశారని అడిగితే ఫోనులో ఫొటోలు వెతుక్కుని చెప్పేవారు.

ఇప్పుడు ఎవరొచ్చినా ఒకే దారిలో తీసుకెళ్తున్నాను. పడమట గ్యోంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్ దగ్గర మొదలుపెట్టి, తూర్పున దోంగ్‌దేమున్ దగ్గర ముగించే నడక ఇది. తిన్నగా కొలిస్తే ఇంచుమించు మూడు కిలోమీటర్లు. అటూ ఇటూ సందుల్లో తిరుగుతాం కాబట్టి ఏడెనిమిది కిలోమీటర్లు అవుతుంది. ఈ దారినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఇందులో వచ్చే పెద్ద చోట్లన్నీ ఒకప్పుడు పోయి, మళ్లీ తిరిగొచ్చినవే. ప్యాలెస్ రెండుసార్లు నాశనమైంది, ఇప్పటికీ తిరిగి కడుతూనే ఉన్నారు. ఊరి మధ్య పారే వాగును సిమెంటుతో కప్పేసి, దాదాపు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచారు. స్టేడియం కింద పూడిపోయిన ప్రాకారం, ఆ స్టేడియాన్ని పడగొట్టాక బయటపడింది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని నడిస్తే పాత కట్టడాలు వేరు, కొత్త భవనాలు వేరు అనిపించదు.

ముందుగా వారం చూసుకోండి

గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు. మొదటిసారి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనిది చూసుకోలేదు. జనవరి చలిలో మూసి ఉన్న గుమ్మం ముందు వాళ్లను నిలబెట్టిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ చేతిలో ఉన్నది మంగళవారం ఒక్కటే అయితే, పక్కనే ఉన్న చాంగ్‌దోక్‌గుంగ్ ప్యాలెస్‌కి వెళ్లండి. 1405లో కట్టిన ఈ ప్యాలెస్‌కి 1997లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. దీనికి సెలవు సోమవారం. దాని వెనకున్న రాజోద్యానానికి విడిగా టికెట్ ఉంటుంది, ఒక్కో విడతకి కొద్దిమందినే పంపిస్తారు, అందుకని ముందే బుక్ చేసుకోవాలి.

నెలల్లో ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు మొదటి వారాలు నడకకి హాయిగా ఉంటాయి. జూన్ చివర నుంచి జూలై దాకా వానలు. జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకి పది డిగ్రీల కిందికి కూడా పోతుంది. మన హైదరాబాద్ చలికి కొనుక్కున్న స్వెటర్ ఇక్కడ ఆగదు. చెవులు కప్పే టోపీ, లోపల వేసుకునే థర్మల్స్ తప్పనిసరి. ఇంకో మాట: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బయలుదేరేముందే వీసా తీసుకోవాలి.

గైడ్ ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

రోజంతటికీ గైడ్ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ప్యాలెస్‌లో మాత్రం తప్పకుండా ఉండాలి. ఎవరూ చెప్పకపోతే అక్కడ ఒకేలా కనిపించే ఎర్ర స్తంభాలు, ఆకుపచ్చ దూలాలు చూసి అరగంటలో బయటికి వచ్చేస్తారు.

ఇందుకు మూడు మార్గాలున్నాయి. మొదటిది, ప్యాలెస్ వాళ్లే రోజులో కొన్నిసార్లు ఇంగ్లీషులో ఉచితంగా తిప్పి చూపిస్తారు. ఉదయం 11 గంటల విడత మన ప్రణాళికకి సరిపోతుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ప్యాలెస్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. రెండోది, సియోల్ నగరపాలక సంస్థ నడిపే ఉచిత నడక టూర్లు. విజిట్ సియోల్ వెబ్‌సైట్‌లో కనీసం మూడు రోజుల ముందు బుక్ చేస్తే, శిక్షణ పొందిన గైడ్ రెండు మూడు గంటలు మీతో నడుస్తారు. మీరు కట్టాల్సింది ప్రవేశ రుసుము మాత్రమే. పెద్దవాళ్లతో వస్తే ఇదే మేలు, గుంపు చిన్నది కాబట్టి ఆగి అడగొచ్చు. కొరియాలో టిప్ ఇచ్చే అలవాటు లేదు. కొంచెం తలవంచి "కంసాహమ్నిదా" అంటే చాలు. ధన్యవాదాలు అని అర్థం.

మూడోది, డబ్బు కట్టి వెళ్లే బస్సు టూర్. బుక్ చేసేముందు కార్యక్రమం మొత్తం చదవండి. ప్యాలెస్‌కి ఎన్ని నిమిషాలు ఇస్తున్నారు, భోజనం కలిపారా, దారిలో దుకాణాల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారు అన్న మూడూ చూడాలి. మా బంధువులు ఒకసారి చవకగా ఉందని ఒక టూర్ తీసుకున్నారు. ప్యాలెస్‌లో నలభై నిమిషాలు, జిన్సెంగ్ అనే మందువేరు అమ్మే దుకాణంలో గంటంపావు గడిచింది. వాళ్లు ఆ డబ్బు గురించి కాదు, పోయిన పూట గురించే బాధపడ్డారు.

మీతో వచ్చేవాళ్లలో ఇంగ్లీషు అంతగా రానివాళ్లుంటే, ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ప్యాలెస్ కథ తెలుగులో చెప్పి ఉంచండి. మా నాన్నకి అలాగే చెప్పాను. మర్నాడు గైడ్ చెయ్యి చూపించగానే ఆయన నాకంటే ముందే "ఇదేనా ఆ రాణిగారి భవనం?" అని అడిగారు.

ముందురోజు చేయాల్సిన పనులు

కొరియాలో గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే నడిచే దారి సరిగ్గా చూపించదు. నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ఫోనులో వేసుకోండి, రెండూ ఇంగ్లీషులో పనిచేస్తాయి. ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా టీ-మనీ కార్డు దొరుకుతుంది. మెట్రో, బస్సు రెండింటికీ అదే కార్డు. అందులో డబ్బు వేయించుకోవడానికి చాలాచోట్ల నగదే కావాలి కాబట్టి కొన్ని వోన్లు చేతిలో ఉంచుకోండి. 1330 అనే నంబరు గుర్తుపెట్టుకోండి. అది పర్యాటకుల సహాయ లైన్, ఇంగ్లీషులో మాట్లాడతారు, దారి తప్పినా భాష అడ్డొచ్చినా వాళ్లే మధ్యలో ఉండి మాట్లాడి పెడతారు.

ఇక నేను అందరినీ బతిమాలి చేయించే పని ఒకటుంది. రెండు గంటలు కూర్చుని కొరియా లిపి హంగుల్ అక్షరాలు నేర్చుకోండి. తెలుగువాళ్లకు ఇది తేలిక. హంగుల్‌లో హల్లు, అచ్చు కలిసి ఒక గడిలో కూర్చుంటాయి, మన గుణింతంలో లాగే. చివర్లో ఇంకో హల్లు పలికితే దాన్ని ఆ గడి కిందే రాస్తారు. "హన్" అని రాయాలంటే హ, దాని పక్కన ఆ-కారం, రెండింటి కింద న్. చూడగానే మనకు వత్తు రాసినట్టే అనిపిస్తుంది. కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మనం బడిలో చదువుకున్నది ఇక్కడ అక్షరం ఆకారంలోనే ఉంది. "గ" అక్షరం గొంతు దగ్గర అడ్డుపడే నాలుక ఆకారం, "మ" అక్షరం నోటి ఆకారం. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24 అక్షరాలే. భాష రాకపోయినా స్టేషన్ పేరు, బోర్డు మీది వంటకం పేరు కూడబలుక్కుని చదవగలుగుతారు. చదవగలిగిన ఊరు మనల్ని అంత కంగారు పెట్టదు.

నాలుగు ముక్కలు తెలిస్తే పేర్లు కూడా విడిపోతాయి. గుంగ్ అంటే ప్యాలెస్, మున్ అంటే ద్వారం, జోన్ అంటే మండపం లాంటి పెద్ద భవనం, సాన్ అంటే కొండ. దోంగ్-దే-మున్ అంటే తూర్పు పెద్ద ద్వారం. అలా విడగొట్టి చూస్తే అంత పొడుగు పేర్లూ నోరు తిరుగుతాయి.

ఉదయం 9 గంటలు: గ్వాంగ్‌హ్వామున్ చౌరస్తా

మెట్రో అయిదో లైనులో గ్వాంగ్‌హ్వామున్ స్టేషన్‌లో దిగండి. పైకి రాగానే విశాలమైన చౌక్, ఎదురుగా ప్యాలెస్ ద్వారం, దాని వెనక బుగాక్‌సాన్ కొండ కనిపిస్తాయి. జోసోన్ రాజ్యాన్ని 1392లో స్థాపించిన తేజో రాజు, కొండను వెనక ఉంచుకునేలా ఈ చోటు ఎంచుకుని 1395లో ప్యాలెస్ కట్టించాడు.

చౌక్‌లో రెండు విగ్రహాలున్నాయి. ముందున్నది 1590ల యుద్ధంలో జపాన్ నౌకాదళాన్ని ఎదిరించిన సేనాని ఇ సున్ షిన్. వెనక కూర్చున్న బంగారు రంగు విగ్రహం సెజోంగ్ రాజు. మీరు నిన్న రాత్రి నేర్చుకున్న అక్షరాలు ఆయన చలవే. చైనా లిపి నేర్చుకోలేని మామూలు జనం తమ మాట తాము రాసుకోవాలని 1443లో ఈ అక్షరాలు రూపొందించి, 1446లో ప్రకటించాడు. అక్టోబరు 9న ఆ అక్షరాల పేరిట దేశమంతా సెలవు. నాకు ఈ విగ్రహం దగ్గర ఎప్పుడూ పది నిమిషాలు ఎక్కువే పడుతుంది.

10 గంటలు: ప్యాలెస్

పది గంటలకి ద్వారం లోపలి ఆవరణలో కాపలా మార్పిడి ఉంటుంది. మంగళవారం తప్ప రోజూ జరుగుతుంది, మళ్లీ మధ్యాహ్నం 2 గంటలకి. ఎర్రటి, నీలపు అంగీలు, డప్పులు, జెండాలతో ఇరవై నిమిషాల వేడుక. దీనికి టికెట్ అక్కర్లేదు. పది నిమిషాలు ముందే వెళ్లి తాడు దగ్గర నిలబడండి. జోరువాన, మరీ ఎక్కువ ఎండ, చలి ఉంటే ఆపేస్తారు.

హన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తులు వేసుకుంటే ప్యాలెస్‌లోకి ఉచితం. అద్దెకిచ్చే దుకాణాలు చుట్టూ బోలెడున్నాయి. పిల్లలు సరదా పడితే తీసుకోండి గానీ, రోజంతా నడవాల్సిన వాళ్లకి నేను వద్దనే చెబుతాను. ఆ లంగా పట్టుకుని మెట్లెక్కడం, గడువులోపు తిరిగిచ్చేయాలన్న టెన్షన్, రెండూ నడకని పాడుచేస్తాయి. మామూలు టికెట్ పెద్దలకి 3,000 వోన్లు, మన లెక్కలో ఇంచుమించు రెండు వందల రూపాయలు.

వేడుకకీ 11 గంటల టూర్‌కీ మధ్య అరగంట దొరుకుతుంది. పక్కనే నేషనల్ ప్యాలెస్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. అన్ని గదులూ తిరగకుండా రాజుల వస్తువులున్న ఒక్క గది చూసి రండి.

టూర్‌లో గైడ్ చెప్పేదానికి తోడు, ఈ నాలుగూ చూడకుండా బయటికి రావద్దు.

మొదటిది, సింహాసన మండపం గున్‌జోంగ్‌జోన్ ముందున్న రాతి ఆవరణ. రెండు వరసల్లో చిన్న రాతి స్తంభాలు ఉంటాయి. ఏ హోదా అధికారి ఎక్కడ నిలబడాలో వాటి మీద చెక్కి ఉంటుంది. కింద పరిచిన రాళ్లు నున్నగా ఉండవు. ఎండ కళ్లలోకి కొట్టకుండా, కాలు జారకుండా కావాలనే గరుకుగా వదిలేశారు. వంగి చూస్తే ఇనుప రింగులు కూడా కనిపిస్తాయి, వేడుకలప్పుడు చాందినీ తాళ్లు కట్టడానికి. మండపంలో సింహాసనం వెనక సూర్యుడు, చంద్రుడు, అయిదు శిఖరాలున్న చిత్రం ఉంటుంది. రాజు కూర్చున్న చోటల్లా ఆ తెర ఉండాల్సిందే.

రెండోది, కొలను మీది గ్యోంగ్‌హ్వేరు మండపం. 48 రాతి స్తంభాల మీద నిలబడిన విందుశాల ఇది. గాలి లేని ఉదయం కొలనులో దాని నీడ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

మూడోది పొగగొట్టాలు. ప్యాలెస్‌లో పొగగొట్టం చూడమంటే మా అమ్మ వింతగా చూసింది. కొరియా ఇళ్లలో నేల కింద వేడి పొగ పారించి గది వెచ్చబెడతారు, ఆ పద్ధతిని ఓందోల్ అంటారు. ఆ పొగ బయటికి పోవాలి కదా! రాజుగారి తల్లి, నాయనమ్మ వరస వాళ్లుండే జాగ్యోంగ్‌జోన్ వెనక గోడనే పొగగొట్టంగా మలిచి, దాని మీద దీర్ఘాయువుకి గుర్తులైన పది బొమ్మలు పెట్టారు. కొంగ, జింక, తాబేలు, పైన్ చెట్టు, ఇలాంటివి. పొయ్యి పొగకి కూడా ఇంత ముచ్చట చేశారు.

నాలుగోది అన్నిటికన్నా వెనక, చాలామంది నడవలేక వదిలేసే గోన్‌చోంగ్‌గుంగ్. రంగులు లేని మామూలు చెక్క ఇల్లు. కొరియాలో మొదటి కరెంటు దీపం 1887లో ఇక్కడే వెలిగింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1895 అక్టోబరు 8న, జపాన్ హంతకులు ఇక్కడే రాణి మ్యోంగ్‌సోంగ్‌ని చంపారు. కొత్త వెలుగు వచ్చిన ఇంట్లోనే ఆ ఘోరం జరిగింది. నేను ఎప్పుడు వచ్చినా ఇక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడతాను.

ప్యాలెస్ కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ. 1592 యుద్ధంలో కాలిపోయింది. దాదాపు 270 ఏళ్లు పాడుబడి ఉంది. 1860ల్లో మళ్లీ కట్టారు. తర్వాత జపాన్ పాలనలో చాలా భవనాలు పడగొట్టి, 1926 నాటికి సరిగ్గా సింహాసన మండపానికి అడ్డంగా తమ గవర్నర్ జనరల్ కార్యాలయం కట్టారు. దాన్ని కూల్చడం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టారు. అవును, మన తేదీయే. జపాన్ నుంచి కొరియా విముక్తి పొందింది 1945 ఆగస్టు 15న, మనకంటే సరిగ్గా రెండేళ్ల ముందు. మీరు లోపలికి వచ్చిన గ్వాంగ్‌హ్వామున్ ద్వారాన్ని కూడా పాత చోట, పాత పద్ధతిలో చెక్కతో 2010లో తిరిగి నిలబెట్టారు. దాని ముందున్న రాతి వేదిక 2023లో తిరిగొచ్చింది.

12:30: బుక్‌చోన్ పాత ఇళ్లు

ప్యాలెస్ తూర్పు వైపు నుంచి బయటికి వస్తే పావుగంట నడకలో బుక్‌చోన్. పెంకుటిళ్ల వాలు సందులు ఇవి. ఈ ఇళ్లలో మనుషులు కాపురం ఉంటున్నారు. బాగా రద్దీగా ఉండే సందులో పర్యాటకులను ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే రానిస్తారు. ఆ వేళ దాటి తిరిగితే లక్ష వోన్ల జరిమానా. కాబట్టి దీన్ని మధ్యాహ్నమే పెట్టుకోవాలి. గొంతు తగ్గించి మాట్లాడండి, తలుపుల మీద చేతులు వేసి ఫొటోలు దిగకండి. ఇక్కడ నలభై నిమిషాలు చాలు.

భోజనం

కిందికి దిగితే ఇన్సాదోంగ్ వీధి. పాత టీ ఇళ్లు, కాగితం, కుంచెలు అమ్మే దుకాణాలు ఉంటాయి. ఇక్కడ విదేశీ కాఫీ కంపెనీ బోర్డు కూడా హంగుల్‌లోనే ఉంది, మీ చదువు పరీక్షించుకోండి.

శాకాహారులకి కొరియా కష్టమే, కానీ ఈ వీధిలో దారి ఉంది. దగ్గర్లో జోగ్యేసా అనే పెద్ద బౌద్ధాలయం ఉంది. ఆ చుట్టుపక్కల గుడి వంట వడ్డించే హోటళ్లున్నాయి. గుడి వంటలో మాంసం, చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కార్తీకమాసం నియమాలున్న వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఖరీదు కాస్త ఎక్కువ, ముందే బుక్ చేయడం మంచిది.

లేదంటే బిబింబాప్ అడగండి: అన్నం మీద రకరకాల కూరలు, ఎర్రటి కారం ముద్ద. "గోగి ప్పె జుసెయో" అంటే మాంసం తీసేసి ఇవ్వండి అని. గోగి అంటే మాంసం, సోగోగి గొడ్డుమాంసం, ద్వేజిగోగి పందిమాంసం. ఈ మూడు మాటలు తినేవాళ్లకీ తిననివాళ్లకీ పనికొస్తాయి. కిమ్చి అనే ఊరగాయలో చాలాసార్లు చేపల, రొయ్యల రసం ఉంటుంది, సూపుల్లో ఎండు చేపలు మరిగిస్తారు. పూర్తి శాకాహారులైతే ఆ రెండూ పక్కన పెట్టండి. పెద్దవాళ్లుంటే సంచిలో ఒక పచ్చడి పొట్లం ఉంచుకోండి, తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

2:30: తప్‌గోల్ పార్కు, తర్వాత వాగు

ఇన్సాదోంగ్ వీధి దక్షిణం చివర తప్‌గోల్ పార్కు. 1919 మార్చి 1న జపాన్ పాలన మీద స్వాతంత్ర్య ప్రకటన ఇక్కడే చదివారు, దేశమంతా జనం వీధుల్లోకి వచ్చారు. ఆ తర్వాత ఆరు వారాలకే మన దగ్గర జలియన్‌వాలాబాగ్ జరిగింది. పార్కులో పది అంతస్తుల పాలరాతి గోపురం ఉంది, 1467 నాటిది, గాజు పెట్టెలో పెట్టి కాపాడుతున్నారు.

అక్కడి నుంచి పడమటగా కాస్త నడిచి చోంగ్‌గ్యెచోన్ వాగు మీది గ్వాంగ్‌తోంగ్యో వంతెన దగ్గర కిందికి దిగండి. ఈ వంతెన రాళ్లను దగ్గరగా చూడండి. అందమైన చెక్కడాలున్నాయి, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. తేజో రాజు రెండో భార్య సమాధి రాళ్లవి. సింహాసనం కోసం సవతి తమ్ముళ్లను చంపి రాజైన తేజోంగ్, 1410లో ఆమె సమాధి రాళ్లు తెప్పించి వంతెన కట్టించాడు, ఊరంతా తొక్కుతూ నడిచేలా. సవతి తల్లి మీద ఉన్న కసి ఆరు వందల ఏళ్లుగా ఇలా రాళ్లలో నిలిచిపోయింది. గైడ్ బోర్డుల్లో ఇది ఒక వాక్యం, నాకు మాత్రం ఈ దారిలో అన్నిటికన్నా కదిలించే చోటు.

వాగు సంగతి. కొరియా యుద్ధం తర్వాత దీని గట్టున గుడిసెలు వెలిశాయి, నీళ్లు మురుగయ్యాయి. 1958 నుంచి సిమెంటుతో కప్పేశారు, పైన ఎత్తుమీద హైవే కట్టారు. 2003లో ఆ హైవే కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరులో దాదాపు 5.8 కిలోమీటర్ల వాగును తెరిచారు. పారే నీళ్లు ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తెచ్చినవి. అందుకని ఇది నిజమైన వాగు కాదని విమర్శించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయినా ఎండాకాలం సాయంత్రం ఇక్కడ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్లని చూస్తే, కార్ల రోడ్డు తీసేసి జనానికి నీళ్లిచ్చిన ఊరి మీద నాకు గౌరవమే కలుగుతుంది. మన మూసీ గురించి మాట్లాడుకున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

నీటి పక్కనే తూర్పుకి నడవండి. కాసేపటికి ఎడమవైపు గోడ మీద పలకలతో చేసిన పొడవాటి చిత్రం వస్తుంది. జోంగ్జో రాజు 1795లో తల్లిని వెంటబెట్టుకుని సువోన్‌లోని హ్వాసోంగ్ కోటకి వెళ్లిన ఊరేగింపు అది. దాదాపు 190 మీటర్ల పొడవునా గుర్రాలు, జెండాలు, పల్లకీలు. పిల్లలుంటే వాళ్లకి లెక్కపెట్టే పని ఇవ్వండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ నడక మొత్తం నడవక్కర్లేదు. చిత్రం చూశాక పైకెక్కి, మెట్రో ఒకటో లైనులో జోంగ్నో 3-గా నుంచి జోంగ్నో 5-గా దాకా ఒక్క స్టేషన్ వెళ్తే తర్వాతి చోటు వచ్చేస్తుంది. స్టేషన్లలో టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, డబ్బు అడగరు.

4 గంటలు: గ్వాంగ్‌జాంగ్ మార్కెట్

1905లో మొదలైన మార్కెట్ ఇది. సగం బట్టలు, సగం తిండి. గుమ్మంలోనే నూనె మరుగుతున్న చప్పుడు, తిరగలి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తాయి. తిరగట్లో రుబ్బుతున్నది నానబెట్టిన పెసరపప్పు! బిందేత్తోక్ అంటారు, మన పెసరట్టు గుర్తొస్తుంది. కాకపోతే అరచేయంత మందం, నూనెలో మునిగేలా వేయిస్తారు, మొలకలు కలుపుతారు. కొన్నిచోట్ల పందిమాంసం, కిమ్చి కూడా కలుపుతారు, కాబట్టి "గోగి" ఉందా అని అడిగి తీసుకోండి. ఒకటి తీసుకుంటే ఇద్దరికి సరిపోతుంది. ధర బోర్డు మీద చూసి, ఎన్ని కావాలో వేళ్లతో చూపించి చెప్పండి. ఇక్కడ పచ్చి గొడ్డుమాంసం వంటకం కూడా పేరున్నదే, ఆ వరస దుకాణాలు కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు, ముందే తెలిసి ఉండటం మంచిది.

5 గంటలు: దోంగ్‌దేమున్ డిజైన్ ప్లాజా

మళ్లీ వాగు పక్కన ఇంకో కిలోమీటరు. పైకెక్కితే ఎదురుగా మూలలు లేని వెండి రంగు భవనం. వాస్తుశిల్పి జహా హదీద్ రూపకల్పన, 2014 మార్చిలో తెరిచారు. పైన పరిచిన అల్యూమినియం పలకలు 45,133, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదట. అందరూ అక్కడ నిలబడి ఫొటోలు తీసుకుంటారు. మీరు మాత్రం చుట్టూ తిరిగి వెనకవైపు పార్కులోకి రండి.

ఇక్కడ 1925లో కట్టిన స్టేడియం ఉండేది. ప్లాజా కోసం దాన్ని పడగొట్టి తవ్వితే, పాత నగర ప్రాకారం, నీళ్లు బయటికి పోవడానికి కట్టిన రెండు కమానుల జలద్వారం బయటపడ్డాయి. కట్టడం పూర్తిగా ఆపకుండా, ఆ రాళ్లను అలాగే ఉంచి పక్కనే ప్లాజా కట్టారు. స్టేడియం దీపస్తంభాలు రెండు కూడా వదిలేశారు. ఆ కమాను దగ్గర నిలబడి వెనక్కి చూడండి: జోసోన్ కాలం నాటి రాయి, ఇరవయ్యో శతాబ్దపు దీపస్తంభం, వెనక హదీద్ వెండి వంపు. ఫొటో తీసుకుంటే ఇక్కడి నుంచే తీసుకోండి.

లోపల ప్రదర్శనలు, డిజైన్ దుకాణాలున్నాయి. కాళ్లు నొప్పెడుతుంటే ఒక కాఫీ తాగి కూర్చోవడానికి మంచి చోటు.

చివరగా: ప్రాకారం మీద సాయంత్రం

చాలామంది రాత్రికి టవర్ ఎక్కాలంటారు. 123 అంతస్తులు, 555 మీటర్ల లొట్టే టవర్ నగరానికి ఆగ్నేయంలో, జాంసిల్‌లో ఉంది. ఎక్కి రావడానికి మూడు గంటలు పోతుంది. నమ్‌సాన్ టవర్ దగ్గరే గానీ కేబుల్ కారు వరస పొడుగు. పిల్లలు గట్టిగా అడిగితే నమ్‌సాన్‌కి వెళ్లండి. నన్నడిగితే నక్‌సాన్ కొండ మీది ప్రాకారం ఎక్కమంటాను. టికెట్ లేదు, వరస లేదు.

ప్లాజా నుంచి ఉత్తరంగా వాగు దాటితే హుంగిన్‌జిమున్, అంటే అసలు తూర్పు ద్వారం, ఇప్పుడున్నది 1869 నాటి కట్టడం. రోడ్డు దాటగానే పచ్చిక వాలు, దాని మీదుగా ప్రాకారం పైకి పోతుంది. అరగంట ఎక్కుడు. దారి బాగుంటుంది, గోడ పొడవునా రాత్రి దీపాలు వెలుగుతాయి. ఎండాకాలంలో ఏడున్నరకి, చలికాలంలో అయిదుకే ఎక్కడం మొదలుపెడితే చీకటి పడుతుండగా పైన ఉంటారు. మెట్లెక్కలేని పెద్దవాళ్లని కింద పచ్చిక దగ్గరే కూర్చోబెట్టినా ద్వారం దీపాలతో అందంగా కనిపిస్తుంది.

ఎక్కుతూ రాళ్ల పరిమాణం గమనించండి. అడుగున చిన్నచిన్న మొరటు రాళ్లు 1396 నాటివి. అప్పుడు దాదాపు రెండు లక్షల మంది వెట్టి కూలీలు 98 రోజుల్లో ఈ గోడ లేపారు. కొంచెం పెద్దవై, దీర్ఘచతురస్రంలా ఉన్నవి సెజోంగ్ కాలంలో మరమ్మతు చేసినవి. మనిషి ఒక్కడు ఎత్తలేనంత పెద్ద చదరపు రాళ్లు 1700 తర్వాతివి. మొత్తం 18.6 కిలోమీటర్ల గోడ ఇది.

కొండ మొదట్లోనే, ద్వారానికి దగ్గరగా, చెక్కిన అక్షరాలున్న కొన్ని రాళ్లను ఒకచోట పేర్చారు. చీకటి పడకముందే వాటి దగ్గర ఆగండి. ఏ ఊరివాళ్లు కట్టారు, ఎవరు పర్యవేక్షించారు, ఎవరు రాళ్లు చెక్కారు అన్నది వాటి మీద రాసి ఉంది. గోడ కూలితే ఎవరిని అడగాలో తెలియడానికి పెట్టిన పేర్లు. రాజుల పేర్లు పొద్దున్నుంచీ విన్నాక, ఒక తాపీపనివాడి పేరు రాతి మీద కనిపించే చోటు ఇది.

దిగి వచ్చాక దోంగ్‌దేమున్ స్టేషన్‌లో ఒకటో లైను, నాలుగో లైను రెండూ దొరుకుతాయి. రైళ్లు దాదాపు అర్ధరాత్రి దాకా నడుస్తాయి, కంగారు పడకుండా దిగండి.